పేజీ నిండాకే పంపవలెను

గౌరీలంక పురపాలక సంఘంలో నేను నీటి సరఫరా విభాగం సీనియర్ అసిస్టెంటుని. పేరు కామేశం. సర్వీసు ముప్పై ఒక్క ఏళ్లు. నా డ్రాఫ్టులు పొడుగని ఆఫీసులో పేరుంది. వీధి కుళాయికి వాషరు మార్చమని రాయడానికి నాకు రెండు పేజీలు పడతాయి, ఆ వాషరు అన్న మాట రెండో పేజీ అడుగున వస్తుంది. జరిగిన సంగతిలో నా వంతు కూడా ఉంది కనుక ముందే చెప్పుకుంటున్నాను.

మా ఊరికి నీళ్లు ఏటిగట్టు మీద ఉన్న పంపుహౌసు నుంచి వస్తాయి. అక్కడికి మూడు కిలోమీటర్ల దూరాన కొత్తపేటలో ఎత్తయిన ట్యాంకు ఉంది. ట్యాంకు నిండగానే కాపలాదారు నూకరాజు పంపుహౌసులో ఉన్న త్రిమూర్తులుకి ఫోన్ చేసి "నిండింది బావా" అనేవాడు. త్రిమూర్తులు మోటారు ఆపేవాడు. వాళ్లిద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. పందొమ్మిదేళ్లు అలా పిలుచుకుని బావలైపోయారు.

ఒకసారి పైనుంచి తనిఖీకి వచ్చిన అధికారి, ఫలానా రోజున ట్యాంకు నిండినట్టు ఆధారం ఏదని అడిగారు. ఫోన్లో చెప్పుకుంటారని మేం చెప్పాం. "నిండింది బావా" అన్నదానికి ఫైలు నంబరు ఎంత అని ఆయన అడిగారు. మా కమిషనర్ గారికి ఆ రోజు అన్నం సయించలేదట. వారం తిరక్కుండా ఉత్తర్వు వెలువడింది:

"ఇకపై మనుషుల మధ్య, యంత్రముల మధ్య, మనుషులకు యంత్రములకు మధ్య జరుగు సమస్త సంభాషణములు ఫైలు ద్వారా మాత్రమే జరుగవలెను. నోటి మాట, ఫోను మాట చెల్లనేరవు."

ఒక ప్రతిని నూకరాజు గది తలుపుకి అంటించారు.

ట్యాంకు దగ్గర ఒక కంప్యూటరు, పంపుహౌసులో ఒక కంప్యూటరు పెట్టి, ఒకటి రెండోదానికి కబురు చెప్పేట్టు చేయమని హైమ అనే అమ్మాయిని కాంట్రాక్టు మీద తీసుకున్నారు. రోజూ రావులపాలెం నుంచి బస్సులో వచ్చేది. మాట తక్కువ, పని ఎక్కువ. వారంలో ప్రోగ్రాం రాసేసి ఫైల్లో పెట్టింది. రెండు యంత్రాల మధ్య సాకెట్ తెరిచి, దాని మీదుగా నేరుగా కబురు పంపడమైనదని వివరణ జోడించింది.

మా మేనేజరు పరబ్రహ్మం గారు ఏ కాగితాన్నయినా అడుగు నుంచి పైకి చదువుతారు. సంతకాలు సరిగ్గా ఉంటే మిగతాది చూస్తారు. ఆయన "సాకెట్" దగ్గర ఆగి, ఈ వస్తువు విద్యుత్ విభాగం పరిధిలోనిదని రాసి అటు పంపారు. పదకొండు రోజుల తర్వాత జవాబొచ్చింది. కావలసినవి ఎన్ని, రెండు పిన్నులవా మూడు పిన్నులవా తెలియజేయాలని వాళ్లు కోరారు.

హైమ స్వయంగా వచ్చి మేనేజరు గారికి నచ్చజెప్పబోయింది. ఇది గోడకుండే సాకెట్ కాదని, ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి మాట వెళ్లే దారి అని చెప్పింది. మాట అయితే ఫైలేదని ఆయన అడిగారు. ఆ అమ్మాయికి అబద్ధం ఆడటం రాదు. తాను ప్రోగ్రాం రాసే సి భాషలో ఆ దారినే ఫైలుగా తెరిచే వీలుందని, అప్పుడు ఫైల్లో రాసినట్టే రాస్తే కబురు అవతలికి పోతుందని చెప్పింది.

పరబ్రహ్మం గారు కుర్చీలోంచి లేచారు. ఆయన లేవడం నేను అదివరకు జెండా వందనానికి తప్ప చూడలేదు.

"నిజంగా ఫైలవుతుందా?"

"అవుతుందండి. కానీ అలా చేస్తే..."

"మరి ముందే చెప్పాలి కదమ్మా."

ఆ "కానీ" తర్వాత మాట ఎవరూ వినలేదు. హైమ ప్రోగ్రాం మొత్తం మార్చి రాసింది. వచ్చే కబురుకి ఒక ఫైలు, పోయే కబురుకి ఒక ఫైలు విడివిడిగా పెట్టింది. అలా పెట్టకపోతే రెండూ కలిసిపోయి చిక్కు వస్తుందట. ఇన్వార్డు, అవుట్‌వార్డు వేరుగా ఉండటం మేనేజరు గారికి ఎంతో నచ్చింది. ఈ కాలపు పిల్లల్లో ఇంత క్రమశిక్షణ అరుదని నాతో అన్నారు.

ప్రోగ్రాం అచ్చు తీస్తే తొమ్మిది పేజీలు, రెండు వందల పద్నాలుగు లైన్లు వచ్చాయి. ప్రతి లైను పక్కనా మేనేజరు గారు పొడి సంతకం చేసుకుంటూ వచ్చి, నూట ముప్పై ఒకటో లైను దగ్గర కలం ఆపారు. అక్కడ "ఫ్లష్" అన్న మాట ఉంది.

హైమ మళ్లీ వచ్చింది. ఈసారి నన్ను కూడా పిలిచారు. ఆమె చెప్పింది నాకు తేలిగ్గానే అర్థమైంది. ఫైల్లో రాసిన మాట వెంటనే తీగ మీదికి ఎక్కదు. కంప్యూటరు దాన్ని ఒక పేజీలో పోగు చేస్తుంది. ఆ పేజీలో, కంప్యూటరు కొలతలో చెప్పాలంటే, నాలుగు వేల తొంభై ఆరు బైట్లు పడతాయి. పేజీ నిండితేనే పంపుతుంది. ఉన్నంతవరకు ఇప్పుడే పంపెయ్యమని చెప్పేది ఆ నూట ముప్పై ఒకటో లైను. అది లేకపోతే కబురు పేజీలోనే కూర్చుంటుంది.

పరబ్రహ్మం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"చూడమ్మా, అసంపూర్ణమైన ఫైలును బయటికి తోయడమనేది కార్యాలయ విధానానికి పూర్తిగా విరుద్ధం. పైపెచ్చు, ఫ్లష్ అనేది పారిశుద్ధ్య విభాగం పరిధిలోని విషయం."

అభిప్రాయం కోసం పారిశుద్ధ్య విభాగానికి రాశాం. కార్యాలయ ప్రాంగణంలోని మరుగుదొడ్డి తొట్టి పగిలి రెండేళ్లయిందని, ప్రస్తుత పరిస్థితుల్లో ఫ్లష్ సాధ్యపడదని వాళ్లు నిజాయితీగా జవాబిచ్చారు. దాని ఆధారంగా నూట ముప్పై ఒకటో లైనుని ఎర్ర సిరాతో కొట్టేశారు.

ప్రారంభోత్సవానికి ముందు కమిషనర్ గారు ఆఫీసులోనే చూస్తామన్నారు. హైమ తన బల్ల మీద కంప్యూటర్లో ప్రోగ్రాం నడిపింది. కబురు రాయగానే తెర మీద టక్కున కనిపించింది. మళ్లీ రాసింది, మళ్లీ కనిపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. తెర మీదికైతే లైను పూర్తవగానే వచ్చేస్తుందని, తీగ మీదికి అలా పోదని హైమ అంటూనే ఉంది. అప్పుడే పకోడీలు వచ్చాయి.

సోమవారం ఉదయం ఆరూ నలభైకి కొత్తపేట ట్యాంకు నిండింది. ట్యాంకులో తేలే బెండు పైకి తగలగానే అక్కడి కంప్యూటరు రాయడం మొదలుపెట్టింది. ఆమోదించిన వాక్యం ఇదీ: "కొత్తపేట ట్యాంకు నిండినది. మోటారు ఆపవలెను." అయిదు నిమిషాలకోసారి ఆ వాక్యాన్ని తిరిగి రాయాలని ఉత్తర్వు. తెలుగులో ఒక్కో అక్షరానికీ, ఒక్కో గుడికీ, ఒక్కో కొమ్ముకీ మూడేసి బైట్లు పడతాయి కాబట్టి వాక్యం మొత్తం నూట పదిహేను బైట్లయింది. పేజీ నిండటానికి ఇంకా చాలా దూరం ఉంది. ట్యాంకు నిండింది, పేజీ నిండలేదు.

నీళ్లు ట్యాంకు అంచు మీది గొట్టంలోంచి నాలుగో వీధిలోకి దూకాయి. మొదట జనం సంతోషించారు. దుప్పట్లు తెచ్చి ఉతుక్కున్నారు. ఒకాయన ఆటో రెండుసార్లు కడిగాడు. ఎనిమిదింటికి ఇడ్లీ బండి పొయ్యి ఆరిపోయింది. తొమ్మిదింటికి నీళ్లు గడపలు దాటి మంచాల కింద చేరాయి. నూకరాజు ఫోన్ చేతిలో పట్టుకుని, తలుపు మీది ఉత్తర్వుని చూస్తూ నిలబడ్డాడు.

తొమ్మిదీ ముప్పై అయిదుకి పేజీ నిండింది. పంపుహౌసు తెర మీద ముప్పై ఆరు కబుర్లు ఒక్కసారిగా పడ్డాయి.

త్రిమూర్తులు ఉత్తర్వంటే భయభక్తులున్న మనిషి. మొదటిది చదివి మోటారు ఆపాడు. రెండోదీ ఆపమనే అంది. ఆగివున్న మోటారుని ఆపడం ఎలాగో అతనికి తోచలేదు. అందుకని వేసి, మళ్లీ ఆపాడు. అలా ముప్పై అయిదుసార్లు ఆపాడు. ముప్పై ఆరో కబురు మటుకు సగంలో తెగింది. పేజీలో అంతవరకే చోటుంది మరి. అందులో "కొత్తపేట ట్యాంకు నిండినది" అని మాత్రమే ఉంది. ఆపమని లేదు. అన్నిటికన్నా ఆఖరి ఉత్తర్వే చెల్లుతుందని మా ఆఫీసులో ఎవరినడిగినా చెబుతారు. త్రిమూర్తులు మోటారు వేసి కూర్చున్నాడు.

రెండో పేజీ పన్నెండూ ముప్పై అయిదుకి వచ్చింది. దాని చివర ట్యాంకు అన్న మాటలోని మొదటి అక్షరమే రెండు ముక్కలై, తెర మీద ప్రశ్నార్థకంగా తేలింది. త్రిమూర్తులుకి కనిపించింది "కొత్తపేట ?" అని. మోటారు ఆపి, కొత్తపేట విషయమై తనకేమీ తెలియదని, అక్కడ తనకి బంధువులు కూడా లేరని ఒక సంజాయిషీ రాసి సైకిల్ మీద ఆఫీసుకి తెచ్చి ఇచ్చాడు.

మర్నాడు ఆరూ నలభైకి నూకరాజు ఉండబట్టలేక ఫోన్ చేశాడు. "నిండింది బావా" అన్నాడు. మోటారు ఆగింది. నాలుగో వీధి పొడిగా ఉంది. ఇడ్లీ బండి మీద ఇడ్లీలు ఉడికాయి.

ఆ సాయంత్రమే అతనికి మెమో వచ్చింది. డ్రాఫ్టు నాదే. "ట్యాంకు నిండినట్లు అధికారికముగా సమాచారము వెలువడక పూర్వమే, అది నిండినదని నీవెట్లు తెలుసుకొంటివి? నిన్నేల విధుల నుండి తొలగించరాదో మూడు దినములలో తెలియజేయుము" అని సారాంశం. నూకరాజు పర్మనెంటు కాదు. ఉద్యోగం పోతే ట్యాంకు కింద గది కూడా పోతుంది. అతని భార్య ఆ గది ముందు రెండు మడుల్లో గోంగూర, బచ్చలి పెంచుకుంటుంది. మెమో అందించడానికి నేనే వెళ్లాను. ఆవిడ మంచినీళ్లు ఇచ్చి, కాగితంలో ఏముందని అడిగింది. అంత పొడుగ్గా రాసిన నేను, మీ ఆయన్నే అడగమని చెప్పి గ్లాసు తిరిగిచ్చాను.

హైమ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా కూడా తెరవకుండా నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. ఆ రోజు ఫైలు అన్న మాట తాను అనకపోయి ఉంటే నూకరాజుకి ఇలా జరిగేది కాదంది. ఆ లైను తిరిగి పెట్టించమని కమిషనర్ గారికి అర్జీ రాసుకుంటానంది. నేనే రాసిపెట్టాను, నాలుగు పేజీలు. చదివే తీరిక లేక దాన్ని మీటింగులో పెట్టారు.

మీటింగులో పరబ్రహ్మం గారు సమస్యని మూడు మాటల్లో తేల్చారు. పేజీ నిండితే కబురు పోతోంది. నిండకపోతే పోవడం లేదు. కనుక లోపం యంత్రానిది కాదు, విధానానిది అసలే కాదు, కబురుది. కబురు కురచగా ఉంది. "నిండు పేజీ కబురు రాయిద్దాం సార్," అన్నారు. అందరూ నా వైపు చూశారు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు సంతోషమేసింది. ముప్పై ఒక్క ఏళ్లుగా తగ్గించు తగ్గించు అని విన్నవాణ్ని. ఇన్నాళ్లకి నా పొడుగు సాంకేతిక అవసరమైంది. రెండు రోజులు సెలవు పెట్టి ఇంట్లో కూర్చుని రాశాను. "మహోన్నత జలాశయ సముదాయ పరిరక్షణ దక్షులగు పంపుహౌసు నిర్వాహకుల దివ్య సముఖమునకు" అని మొదలై, ఏటి ప్రాశస్త్యం, పురపాలక చట్టం ఉద్దేశాలు, ట్యాంకు కట్టిన సంవత్సరం, ప్రారంభించిన వారి గుణగణాలు దాటుకుని ఆఖరి వాక్యంలో అసలు సంగతికి వచ్చాను. ముఖ్య విషయం చివర చెప్పడం డ్రాఫ్టు మర్యాద.

హైమ లెక్క పెట్టి నాలుగు వేల తొంభై మూడు బైట్లంది. మూడు తక్కువ. ఆ మూడింటి కోసం కబురు మొత్తం ఆగిపోతుంది. ఒక అక్షరం కావాలి, ఒక్కటే. "శ్రీ" పెడదామంటే పన్నెండు బైట్లయింది, తొమ్మిది మిగిలి తర్వాతి పేజీలో పడతాయి. మూడు చుక్కలు పెడదామంటే సందేహం ధ్వనిస్తుందని మేనేజరు గారు ఒప్పుకోలేదు. గంటన్నర చర్చ తర్వాత ఆయనే దారి చూపారు. "తెలియజేయడమైనది" అని రాయడం అసలు తప్పే, "తెలియఁజేయడమైనది" అనాలి అన్నారు. అరసున్నకి సరిగ్గా మూడు బైట్లు. అచ్చులోంచి ఎప్పుడో పోయిన అరసున్న గౌరీలంక నీటి సరఫరాలోకి ఆ విధంగా వచ్చింది.

మరుసటి వారం శుక్రవారం ఉదయం ట్యాంకు నిండీ నిండగానే కబురు రెప్పపాటులో పంపుహౌసు చేరింది. త్రిమూర్తులు చదవడం మొదలుపెట్టాడు. అతనికి లోపల చదువుకుంటే బోధపడదు, పైకి చదవాలి. ఆఖరి వాక్యం చేరేసరికి ఇరవై రెండు నిమిషాలైంది. ఆ ఇరవై రెండు నిమిషాలూ నాలుగో వీధిలో నీళ్లు పారాయి.

జాప్యం మూడు గంటల నుంచి ఇరవై రెండు నిమిషాలకి తగ్గిందని కమిషనర్ గారు పైకి నివేదిక పంపారు. ఎనభై ఏడు శాతం ప్రగతి. నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. పంపుహౌసులో ఒక పఠన సహాయకుడి పోస్టు మంజూరు చేయమని ప్రతిపాదన కూడా వెళ్లింది. నాలుగో వీధి వాళ్లు మాత్రం నివేదిక చదవలేదు. నలభై ఇళ్ల వాళ్లు సంతకాలు పెట్టి, ఒకసారి వచ్చి చూడమని కమిషనర్ గారికి అర్జీ ఇచ్చారు.

ఆ అర్జీ మీద పరిశీలన, నూకరాజు మీద విచారణ రెండూ ఒకేసారి అయిపోతాయని మంగళవారం పొద్దున్నే అందరం కొత్తపేట వెళ్లాం. కమిషనర్ గారికి ట్యాంకు నీడలో కుర్చీ వేశారు. మేనేజరు గారు ప్రశ్నలు వేయడం, నేను జవాబులు రాసుకోవడం. హైమ తొమ్మిది పేజీల ప్రోగ్రాం ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. నూకరాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డాడు. భార్య గది గుమ్మంలోంచి కదల్లేదు.

ట్యాంకు నిండిన సంగతి అధికారిక సమాచారం లేకుండా ఎలా తెలిసిందని పరబ్రహ్మం గారు అడిగారు.

"నెత్తి మీద పడ్డాయండి," అన్నాడు నూకరాజు.

"ఏవి?"

"నీళ్లండి."

"నీళ్లు పడినంత మాత్రాన ట్యాంకు నిండినదన్న నిర్ధారణకు నీవు ఏ అధికారంతో వచ్చావు?"

నూకరాజు తల పైకెత్తి చూశాడు. తర్వాత కమిషనర్ గారి వైపు చూసి, "తవరు కొంచెం ఇటు జరగండి బాబూ," అన్నాడు మెల్లిగా.

విచారణలో ఉన్న మనిషి చెబితే జరిగే అలవాటు కమిషనర్ గారికి లేదు. అప్పటికి సరిగ్గా ఆరూ నలభై. గొట్టంలోంచి నీళ్లు నిండు ధారగా ఆయన తల మీదే పడ్డాయి. ఆయన చాలా హుందాగా లేచి, ఆపించమన్నారు.

కబురు వెళ్లిపోయిందని, త్రిమూర్తులు చదువుతున్నాడని హైమ చెప్పింది. ఎంతదాకా వచ్చాడని కమిషనర్ గారు అడిగారు. నా డ్రాఫ్టు నాకు కంఠతా వచ్చు. "ఇంకా ఏటి ప్రాశస్త్యంలోనే ఉండి ఉంటాడండి," అన్నాను.

ఆయన జేబులోంచి ఫోన్ తీశారు. ఎదురుగా తలుపు మీద తన సంతకంతో ఉత్తర్వు ఉంది. దాన్ని పైనుంచి కిందికి పూర్తిగా చదివారు. ఫోన్ జేబులో పెట్టుకున్నారు. జుట్టులోంచి కారుతున్న నీళ్లు తుడుచుకుని హైమని పిలిచి, కొట్టేసిన లైను ఏదో చూపించమన్నారు. ఆ అమ్మాయి నూట ముప్పై ఒకటి మీద వేలు పెట్టింది.

"ఇదొక్కటేనా?"

"ఒక్కటేనండి."

ఆయన కలం తీశారు. పారిశుద్ధ్య విభాగం అభిప్రాయం ప్రతికూలంగా ఉందని, అసంపూర్ణమైన ఫైలు బయటికి పోవడం విధానం కాదని మేనేజరు గారు గుర్తుచేశారు.

"పరబ్రహ్మం గారూ," అన్నారు కమిషనర్ గారు, "మీరొకసారి ఇలా వచ్చి నిలబడండి."

పరబ్రహ్మం గారు వెళ్లి ధార కింద నిలబడ్డారు. కళ్లజోడు మీంచి నీళ్లు కారుతున్నాయి. ఒక నిమిషం గడిచాక, ఈ లైను విషయంలో తన అభ్యంతరం ఏమీ లేదని ఆయనే అన్నారు. కమిషనర్ గారు తడి కాగితం మీద సంతకం చేశారు. సిరా పాకి పెద్ద మచ్చయింది. అది వారి సంతకమేనని నేను కింద ధ్రువీకరించాను. నూకరాజు మెమో మీద "ప్రత్యక్ష పరిశీలనలో నిర్ధారణ అయినది, ముగించవచ్చు" అని ఇంకో మచ్చ పెట్టారు. గుమ్మంలో ఉన్న ఆవిడ లోపలికి వెళ్లి తువ్వాళ్లు తెచ్చింది.

హైమ మధ్యాహ్నానికల్లా లైను తిరిగి చేర్చింది. ఇక కబురు ఎంత చిన్నదైనా ఫరవాలేదంది. కొత్త కబురు రాసే పని నాకే వచ్చింది. పాత డ్రాఫ్టుని ఎక్కడ కత్తిరించాలో తెలియక సాయంత్రం దాకా దాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఏరు పోయింది. చట్టం పోయింది. ప్రారంభించిన వారి గుణగణాలు పోయాయి. అరసున్న తీసేటప్పుడు కాస్త బాధేసింది. చివరికి కాగితం మీద రెండు మాటలు మిగిలాయి: "నిండింది. ఆపు."

మర్నాడు ఆరూ నలభై ఒకటికి మా ఇంట్లో ఫోన్ మోగింది. త్రిమూర్తులు.

"కామేశం గారూ, కబురొచ్చిందండి. రెండే ముక్కలున్నాయండి. మిగతాది ఎప్పుడొస్తాదండి?"

మోటారు ఆపావా అని అడిగాను. ఆపేశానన్నాడు. అయినా ఫోన్ పెట్టకుండా నా జవాబు కోసం చూస్తున్నాడు. సర్వీసులో చేరిన నాటి నుంచి ఎవరితోనూ అనని మాట నోట వచ్చింది.

"ఇంకేం లేదయ్యా," అన్నాను. "అంతే."